మనకు మట్టి.. వాళ్ల లెక్కలో ఓవర్ బర్డెన్!

సింగరేణి ఆఫీసుల్లో పొద్దున లేస్తే వినబడే మాట ఒకటున్నది. ఓవర్ బర్డెన్. పొట్టిగా ఓబీ. బొగ్గు పొర మీద ఉన్న మట్టి, మొరం, ఇసుకరాయి అన్నిటికీ కలిపి కంపెనీ పెట్టిన పేరది. తెలుగులో చెప్పుకోవాలంటే పై బరువు. దించి అవతల పారెయ్యాల్సిన బరువు. మంచిర్యాల జిల్లాలో తాత ముత్తాతల నుంచి దున్నుకుంటున్న చెల్క, కంది పండిన దుబ్బ, మామిడి కాసిన తోట.. కంపెనీ కాగితం మీద అన్నిటికీ ఒకటే పేరు. రైతుకు అది అన్నం, కంపెనీకి బరువు. ఇయ్యాల్టి కొట్లాటంతా ఈ రెండు మాటల నడుమనే ఉన్నది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబర్ 11న మంచిర్యాల జిల్లా అయింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం రోడ్ల మీద గొంతు చించుకున్నం. సకల జనుల సమ్మెలో బొగ్గు బాయిలను బంద్ పెట్టినం. ఆ మూడు 'న'ల కింద నాలుగో 'న' ఒకటున్నది. నేల. నీళ్లు పారేది నేల మీదనే. నిధులు వచ్చేది నేల కడుపులోంచే. కొలువు దొరకని పిల్లగాడు చివరికి వచ్చి నిలబడేది ఆ నేల మీదనే. నేల లెక్క తేల్చకుండ మిగిలిన మూడు లెక్కలు ఎట్ల తేలుతయి? రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. ఏ ఊరి కింద ఏ రాయి ఉన్నది, ఆ రాయి మీద ఏ మట్టి ఉన్నది, ఆ మట్టి ఏ పంటకు ఓర్చుకుంటది అనే లెక్క పెట్టుకొని వ్యవసాయ విధానం రాసిన సర్కారు ఒక్కటన్నా ఉన్నదా?

రాయి ఎట్లనో, మట్టి అట్ల

మట్టి ఆకాశం నుంచి రాలింది కాదు. కింద ఉన్న రాయి ఎండకు పగిలి, వానకు నాని, చెట్ల వేర్లకు చీలి మట్టి అయింది. అంగుళం మందం మట్టి తయారు కావాలంటే వందల ఏండ్లు పడ్తది. అందుకే ఒక ఊరి ఎవుసం అర్థం కావాలంటే ముందు ఆ ఊరి కింది రాయిని అడగాలె.

ఉత్తర తెలంగాణలో ఈ కథ చాలా స్పష్టంగ కనబడ్తది. కరీంనగర్ దిక్కు ఏ గుట్టను చూసినా గ్రానైటే. భూమ్మీద అతి పాత రాళ్లలో ఒకటి, వందల కోట్ల ఏండ్ల వయసున్నది. ఆ రాయిలోని పలుగు కరగదు, గరుకు ఇసుకగ మిగుల్తది. దానిలోని ఇనుము తుప్పు పట్టి ఎర్రగ అయితది. అదే మన ఎర్ర చెల్క. వాన పడితే దున్నుడు సులువు, కానీ తడిని పట్టి ఉంచే గుణం తక్కువ. వారం రోజులు వాన మొగం చాటేస్తే మొలక వాడిపోతది. కింద గట్టిరాయి ఉండబట్టి పగులు ఉన్న చోటనే నీళ్లు ఉంటయి. బోరు వేసుడంటే లాటరీ కొట్టినట్టే. కాకతీయుల కాలం నుంచి మనోళ్లు వాగు వాగుకు కట్ట పోసి గొలుసుకట్టు చెరువులు ఎందుకు తవ్విండ్రంటే కారణం ఇదే. రాయి నీళ్లు దాచదు గనుక నేల మీదనే దాచుకున్నరు.

రామగుండం దిక్కు గోదావరి దగ్గరికి వచ్చేసరికి రాయి మారుతది. ఎన్నడో భూమి పగిలి, కుంగి, పొడుగాటి లోయ ఏర్పడ్డది. మహారాష్ట్ర నుంచి ఖమ్మం దాకా సాగిన ఆ లోయను పాతకాలపు నదులు ఇసుకతోని, ఒండ్రుతోని నింపినయి. ఇరవై అయిదు కోట్ల ఏండ్లకు ముందటి అడవులు ఆ ఇసుక కింద పడి బొగ్గయినయి. శాస్త్రవేత్తలు గోండ్వానా రాళ్లు అంటరు. గోండుల నేల పేరే ప్రపంచంలో ఆ రాళ్లకు పెట్టిన పేరు. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు బాయిలన్నీ ఈ లోయలోనివే. ఈ ఇసుకరాయి అరిగితే ఇసుక దుబ్బ అయితది. పైన పోసిన నీళ్లు జారిపోతయి, కానీ రాయి వాటిని తన కడుపులో పట్టుకుంటది. వేరు లోతుకు పోయే చెట్టుకు ఇది మంచి నేల. నెన్నెల, భీమారం, చెన్నూరు వైపు మామిడి తోటలు అందుకే నిలబడ్డయి.

ఇంకా పడమటికి పోయి ఆదిలాబాద్, జైనథ్, బేల దిక్కు చూడండి. ఆరున్నర కోట్ల ఏండ్ల కింద భూమి కడుపులోంచి పొంగిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. అది అరిగితే నల్లరేగడి. రేగడిలోని బంక మన్ను నీళ్లు తాగి ఉబ్బుతది, ఎండితే నెర్రెలు బారుతది. ఎండకాలం పై మట్టి ఆ నెర్రెల్లో పడి కిందికి పోతది, వానకాలం కింది మట్టి పైకి లేస్తది. తనను తాను దున్నుకునే నేల అది. వానలు పోయినంక కూడా నెలల తరబడి తడి దాచి పెడ్తది. ఆ తడి మీదనే చలికాలం జొన్న పండేది, పత్తి కాయ నిండేది.

వీటి నడుమ దేవాపూర్ దిక్కు బొగ్గుకంటె ఎంతో పాతదైన సున్నపురాయి ఉన్నది. లక్సెట్టిపేట, దండేపల్లి నుంచి చెన్నూరు దాకా గోదావరి ఒడ్డున ఒండ్రు నేల ఉన్నది. రెండు మూడు గంటల ప్రయాణంలో ఇన్ని రాళ్లు, ఇన్ని మట్లు ఉన్న ప్రాంతం మనది. మన పెద్దలు భూగర్భ శాస్త్రం చదవలేదు, కానీ మట్టిని చదివిండ్రు. చెల్కకు బంక తక్కువని తెలుసుకొని ఎండకాలం చెరువు పూడిక మట్టి బండ్ల మీద తెచ్చి పోసిండ్రు. దుబ్బలో బలం లేదని గొర్ల మంద ఆపిండ్రు. వాన మోసం చేసినా ఏదో ఒకటి చేతికొస్తదని పత్తి సాళ్ల నడుమ కంది, జొన్న చేన్లలో పెసర కలిపి వేసిండ్రు. దీన్ని వెనుకబాటుతనం అన్నోళ్లు ఉన్నరు. నిజానికి అది రాయి నుంచి పంట దాకా లెక్క కట్టిన తెలివి.

కిందికే చూసే కండ్లు

మన నేలను సర్కార్లు చూడలేదని కాదు. బాగనే చూసినయి. కాకపోతే మట్టి కిందికి చూసినయి, మట్టిని చూడలేదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు తీసుకున్నది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. బెల్లంపల్లిలో బాయిలు పడ్డయి. మంచిర్యాలలో, దేవాపూర్‌లో, గోదావరి అవతల బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు లేచినయి. రామగుండంలో ఎన్టీపీసీ, ఆ తర్వాత జైపూర్‌లో సింగరేణి కరెంటు ఫ్యాక్టరీ వచ్చినయి. ప్రతి అడుగుకూ సర్వే ఉన్నది, మ్యాపు ఉన్నది, ఎన్ని మీటర్ల లోతున ఎంత మందం బొగ్గు ఉన్నదో లెక్క ఉన్నది.

ఆఖరికి మన రాళ్లలో దొరికిన ఎముకలను కూడా వదల్లేదు. ఈ లోయలోని కోట రాళ్ల పొరల్లో బయటపడ్డ బరపాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉన్నది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి పేరు పెట్టుకున్న కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్నది. పదిహేడు పద్దెనిమిది కోట్ల ఏండ్ల కింద సచ్చిన జంతువు ఎముక ఎముకకూ లెక్క రాసిండ్రు. ఇయ్యాల బతికి ఉన్న రైతు మట్టికి మాత్రం లెక్క లేదు. రెవెన్యూ రికార్డు తరి, ఖుష్కి అని నీళ్ల సంగతి అడుగుతది. మట్టి సంగతి అడగదు.

మూడు నేలలు, ఒకటే విత్తనం

మట్టిని చూడని విధానం ఏం చేస్తదో పత్తి చెప్తది. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. కొన్నేండ్లకే రేగడి, చెల్క, దుబ్బ అనే తేడా లేకుండ అంతటా అదే విత్తనం పరుచుకున్నది. ఈ హైబ్రిడ్లలో ఎక్కువవి చాలాకాలం చేన్లో నిలిచే పంటలు. వానలు సెప్టెంబర్ దాటినంక తగ్గుతయి, కాయ నిండేది ఆ తర్వాత. లోతు రేగడి అప్పటికి తడి దాచి పెడ్తది గనుక చెట్టు బతుకుతది. జానెడు మందం చెల్కలో, కింద మొరం తగిలే నేలలో తడి ఎక్కడిది? కాయ పట్టే యాళ్లకు చెట్టు ఎండుతది. విత్తనం అదే, ఎరువు అదే, మందు అదే, అప్పు అదే. పంట మాత్రం అది కాదు. రైతు తనదే తప్పు అనుకొని మరుసటి ఏడు ఇంకో బస్తా ఎరువు ఎక్కువ పోస్తడు. తప్పు రైతుది కాదు, విత్తనం సంచి మీద ఏ నేలకు పనికిరాదో రాయని కంపెనీది, రాయించని సర్కారుది. ఉత్తర తెలంగాణలో పురుగుల మందు తాగి సచ్చిన పత్తి రైతుల లెక్కలో నేల ఎంత, అప్పు ఎంత అని ఎవరన్నా విడదీసి చూసిండ్రా?

వరి సంగతి ఇంకొక తీరు. సమైక్య పాలనలో ఎవుసం అంటే డెల్టా ఎవుసమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఆ ఒండ్రు నేలలో రెండు కార్ల వరి పండుతది. ఆ ఒండ్రు ఎక్కడిది? గోదావరి యుగాల పాటు దక్కన్ పీఠభూమిని, మన గుట్టలను, మన చేన్లను కోసుకొనిపోయి సముద్రం ఒడ్డున పరిచిన మన్ను. మన రాయి అరిగి వాళ్ల మట్టి అయింది. దాంతోని మనకు పేచీ లేదు, అది నది పని. పేచీ ఏందంటే, ఆ ఒండ్రుకు పుట్టిన ఎవుసాన్ని తెచ్చి మన చెల్క మీద పెట్టి, పండకపోతే మనల్ని సోమరులన్నరు.

సొంత రాష్ట్రం వచ్చినంక ఆ నమూనా పోయిందా? ఇంకా ముదిరింది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు కరెంటు కావాలె, అందులో రెండో మాట లేదు. కానీ తడి నిలవని చెల్కలో బోరు నడిపి రెండు కార్ల వరి వేయించే విధానం దాని వెనుకనే వచ్చింది. 2020 వానకాలంలో ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలో హైదరాబాద్ నుంచి చెప్పిండ్రు. 2021లో యాసంగి వడ్లు కొనమని చేతులెత్తేసిండ్రు. వరి వేయమన్నదీ, వద్దన్నదీ కేంద్రం కొనుగోలును చూసి, గోదాములను చూసి. ఏ ఒక్కనాడూ నేలను చూసి కాదు. ఎకరానికి ఇంత అని పెట్టుబడి సాయం ఇచ్చినప్పుడూ అంతే. రేగడి ఎకరమూ, రాళ్ల చెల్క ఎకరమూ ఒకటే. కౌలుదారు అసలు లెక్కలోనే లేడు. ఒక్క మిషన్ కాకతీయలో పూడిక మట్టిని చేన్లకు తోలుకోనిచ్చిండ్రు. అది మన పెద్దల తెలివి గనుకనే రైతులు ట్రాక్టర్లు కట్టుకొని వచ్చిండ్రు. దానిని పట్టుకొని ముందుకు పోవాల్సింది పోయి, మధ్యలో విడిచిపెట్టిండ్రు.

బొందల గడ్డ

ఇక ఓపెన్ కాస్టు. భూగర్భ గనిలో మనిషి కిందికి దిగి బొగ్గు తెస్తడు, తీసిన జాగలో గోదావరి ఇసుక నింపి పైకప్పు నిలబెడ్తరు, పైన చేను చేనుగ ఉండే వీలుంటది. ఓపెన్ కాస్టులో అట్ల కాదు. పైనున్నదంతా లేపాలె. 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందులో నూటికి ఎనభై టన్నుల పైన ఓపెన్ కాస్టులదే. టన్ను బొగ్గుకు అయిదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి లేపి పక్కన గుట్ట పోస్తరు. శ్రీరాంపూర్, ఇందారం, రామకృష్ణాపూర్ దిక్కు లేచిన ఆ గుట్టలను చూడండి. అవి దేవుడు పెట్టిన గుట్టలు కావు.

ఆ గుట్టల లోపల జరిగింది ఏంది? యుగాల నుంచి పైన ఉన్న పై మట్టి అడుక్కు పోయింది, వందల అడుగుల లోతున ఉన్న ఇసుకరాయి, బొగ్గు నలుసులున్న షేలు పైకి వచ్చినయి. తలకిందులైన నేల అది. అందులో సేంద్రియం లేదు, వానపాము లేదు, తడి నిలవదు. వాన పడితే ఆ గుట్ట కరిగి వాగులోకి, పక్క రైతు పొలంలోకి దిగుతది. గని లోపలికి ఊరే నీళ్లను రాత్రింబవళ్లు మోటార్లతోని తోడిపోస్తరు గనుక చుట్టుపక్కల బాయిలు, బోర్లు అడుగంటుతయి. ఇసుకరాయి తన కడుపులో దాచిన నీళ్లంటిమే, అవే ఇవి. భూమి పోయిన రైతుకు పరిహారం అన్నా వస్తది. భూమి మిగిలి నీళ్లు పోయిన రైతుకు ఏమిస్తరు?

కాసిపేట మండలంలో దుబ్బగూడెం ఉన్నది. ఊరి పేరులోనే దుబ్బ నేల ఉన్నది. ఆ నేల మీద పుట్టిన ఊరు కేకే ఓపెన్ కాస్టు కింద నలిగిపోయింది. రేపు ఆ పేరు చదివే పిల్లగానికి దుబ్బ ఏదో, గూడెం ఏదో చూపిద్దామంటే ఏం చూపిస్తం? ఉద్యమం నడిచిన నాడు ఓపెన్ కాస్టులంటే బొందల గడ్డలన్న నాయకులు, కుర్చీ ఎక్కినంక కొత్త ఓపెన్ కాస్టులకు కొబ్బరికాయ కొట్టిండ్రు. పార్టీ మారినా జెండా మారినా ఓబీ డంపు మాత్రం పెరుగుతనే ఉన్నది.

రూల్స్ లేవా అంటే ఉన్నయి. పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు పై మట్టిని వేరుగ తీసి, వేరుగ పోసి, గని మూసేటప్పుడు మళ్లీ పైన పరచాలని షరతు పెడ్తరు. 2009లోనే కేంద్ర బొగ్గు శాఖ గని మూసివేతకు మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికాలో 1977 చట్టం మంచి సాగు భూమిలో గని తవ్వితే మట్టి పొరలను పొరలుగనే తీసి, అదే వరుసలో తిరిగి పరచాలని చెప్తది. జర్మనీలోని రైన్ లోయలో బొగ్గు తీసినంక రెండు మీటర్ల మందం మంచి మట్టి పరిచి చేన్లు తయారుచేసి రైతులకు ఇస్తరు. అక్కడ అయ్యే పని ఇక్కడ ఎందుకు కాదు? సింగరేణిలో 51 శాతం వాటా మన రాష్ట్ర సర్కారుదే కదా. అడ్డుకున్నది ఢిల్లీ అనో, పరాయి పాలన అనో చెప్పడానికి ఇంకేం సాకు మిగిలింది? గుట్ట మీద నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగితే ఆకుపచ్చగ కనబడ్తది, అన్నం పుట్టదు.

ఇసుకను ఖాతరు చేయని ఇంజనీరింగు

రాయిని, ఇసుకను లెక్కచేయకపోతే ఏమయితదో గోదావరి చూపించింది. ప్రాణహిత నీళ్లను తుమ్మిడిహట్టి దగ్గర పట్టి తూర్పు ఆదిలాబాద్ మెట్టలకు కూడా ఇస్తమన్న పథకం కాళేశ్వరంగ మారి కిందికి జరిగింది. 2019 నుంచి అన్నారం, మేడిగడ్డ వెనుక నీళ్లు చెన్నూరు, కోటపల్లి మండలాల పొలాల్లోకి ఎక్కినయి. పత్తి వేరు నీళ్లలో ఊపిరాడక కుళ్లింది. 2022 జులై వరదలో చేన్లు మునిగినయి, ఇసుక మేటలు వేసినయి. నీళ్లు వస్తయని ఎదురుచూసిన రైతుకు నీళ్లు వచ్చినయి, చేను మీదికి!

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి. పునాది కింది ఇసుక కొట్టుకుపోయిందని జాతీయ డ్యాం భద్రతా సంస్థ నివేదిక చెప్పింది. ఆ తర్వాత బ్యారేజీలను ఖాళీ చేసిండ్రు. గోదావరి అడుగు ఇసుక అనే సంగతి ఒడ్డున దోసపాదులు పెట్టే ముసలవ్వకు కూడా తెలుసు. వేల కోట్ల కాగితాలకు తెలువలేదు. నేలను అడగకుండ కట్టినదేదైనా నేలలోకే పోతది.

బొగ్గు వద్దంటరా అని అడిగేటోళ్లకు

ఈ మాటలు రాస్తే ఒక ప్రశ్న తయారుగ ఉంటది. బొగ్గు లేకుంటే కరెంటు ఎక్కడిది, సింగరేణి లేకుంటే కొలువులు ఎక్కడివి అని. కొలువుల సంగతే చూద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి కార్మికులు ఉండె. ఇప్పుడు నలభై వేల దగ్గరికి పడిపోయిండ్రు. బొగ్గు మాత్రం రెండింతలు దాటింది. బొగ్గు పెరిగింది, కొలువు తగ్గింది, నేల పోయింది. ఓపెన్ కాస్టు గుంత నింపింది ఎవరి కడుపో ఈ లెక్కనే చెప్తది. బొగ్గు ఇంకో ముప్పై నలభై ఏండ్లకు అయిపోతది. అయిపోయిన నాడు కంపెనీ బోర్డు పీక్కొని పోతది. మట్టి ఉంటే మన మనుమలు ఇంకో వెయ్యేండ్లు బతుకుతరు. అయిపోయే దాని కోసం అయిపోని దాన్ని పాడుచేసుడు ఏ లెక్క ప్రకారం లాభం?

సింగరేణి కార్మికుడు ఈ మాటకు శత్రువు కాదు. ఆ కార్మికుడు కూడా చెల్క అమ్ముకొనో, చెల్క పోగొట్టుకొనో బాయిలోకి దిగిన రైతు బిడ్డనే. భూగర్భ గని అడిగే కార్మికుడు, పై మట్టి అడిగే రైతు ఒకే డిమాండ్ చేస్తున్నరు.

మనం అడగాల్సింది

ఒకటి, ఊరూరి మట్టి పటం. నాగపూర్‌లో జాతీయ నేల సర్వే సంస్థ ఉన్నది. బెల్లంపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. జయశంకర్ సార్ పేరు పెట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది. రాయి, మట్టి, లోతు, నీళ్లు కలిపి ప్రతి సర్వే నంబరుకు తేల్చి గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలె.

రెండు, విత్తనం సంచి మీద ఏ నేలకు పనికొస్తదో, ఏ నేలకు పనికిరాదో తెలుగులో అచ్చు వేయాలె. చెల్కలో కంది, పెసర, నువ్వులు, జొన్న వేసే రైతుకు వరితో సమానంగ కొనుగోలు కేంద్రం, మద్దతు ధర ఉండాలె.

మూడు, ప్రతి ఓపెన్ కాస్టులో పై మట్టి ఎంత తీసిండ్రు, ఎక్కడ పోసిండ్రు, ఎంత తిరిగి పరిచిండ్రు అనేది ఏటా గ్రామసభ ముందు పెట్టాలె. లెక్క చూపని గనికి విస్తరణ ఇవ్వొద్దు.

నాలుగు, 2015 తర్వాత వచ్చిన జిల్లా ఖనిజ నిధి సొమ్ము రోడ్లకు, భవనాలకు కాదు, ముందు ఎండిన బాయిలకు, ఓబీ మట్టి దిగిన చేన్లకు, పూడిక మట్టి తోలకానికి పెట్టాలె.

జియాలజీ చదివే విద్యార్థులారా, మీరు సింగరేణి కొలువు కోసం బొగ్గు పొరల లెక్క నేర్చుకుంటున్నరు. నేర్చుకోండి. కానీ సెలవుల్లో మీ ఊరి చేన్లో గజం లోతు గుంత తీసి మట్టి పొరల లెక్క కూడా రాయండి. రెవెన్యూలో, వ్యవసాయ శాఖలో, సింగరేణిలో పనిచేసే ఉద్యోగ మిత్రులారా, నలభై రెండు రోజులు సమ్మె చేసిన చేతులు మీవి. మీ టేబుల్ మీదికి వచ్చే ఫైలులో 'ఓవర్ బర్డెన్' అనే మాట కనబడ్డప్పుడు దాని పక్కన ఆ సర్వే నంబరులో ఏ పంట పండేదో రాయండి. ఒక్క గీత పడితే చాలు, ఆ కాగితం అబద్ధం చెప్పుడు ఆగుతది.

మట్టికి కోట్ల ఏండ్ల చరిత్ర ఉన్నది. దాన్ని మోసే ఓపిక లేని పాలకులే ఈ నేలకు అసలు బరువు. దించాల్సింది మట్టిని కాదు, ఆ బరువును!